చేర్పు, తొలగింపు: చైనా, కొరియా సాహిత్య చరిత్రల ఆకర గ్రంథాలు – ఒక పరిశీలన

కొరియా కథాసాహిత్యానికి ఆద్యమని విమర్శకులు పేర్కొనే రచన ‘కుమో సిన్హ్వా’. 15వ శతాబ్దానికి చెందిన కిమ్ సిసుప్ (1435–1493) దీనిని రచించాడు. ‘బంగారు తాబేటి కొండ కొత్త కథలు’ అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. నేడు లభిస్తున్నవి 5 కథలు. నామ్‌వన్, కేసాంగ్, ప్యోంగ్యాంగ్, క్యొంగ్జు మొదలైన కొరియా పట్టణాలే వీటికి రంగస్థలాలు. పాత్రలు కొరియావారు. భాష మాత్రం ప్రాచీన చైనీయం. కథన పద్ధతి కూడా మింగ్ యుగపు తొలినాళ్లలో చ్యూ యో అనే చైనా రచయిత వెలువరించిన ‘జియెన్‌తెంగ్ షిన్‌హ్వా’ అనే కథాసంపుటిని అనుసరించింది. దీపపు వత్తి సవరిస్తూ రాత్రివేళ చెప్పుకొన్న కొత్త కథలని ఆ సంపుటి పేరుకు అర్థం.

ఈ రెండు సంపుటాలను గురించి తెలుసుకోదలచిన పరిశోధకుడు మొదట ఆశ్రయించేది ఆకర గ్రంథాలనే. ఆ గ్రంథాలలో చైనా సంపుటి ఒక అధ్యాయంలో, కొరియా సంపుటి వేరొక గ్రంథంలో, వాటి మధ్య సంబంధం ఇంకొకచోట కనిపిస్తాయి. ఇది కేవలం సమాచారాన్ని సర్దుకొనే సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. ఏ రచన ఏ సాహిత్యానికి చెందుతుందన్న తీర్పు విషయసూచికలోనే జరిగిపోతుంది. పాఠకుడు ఆ తీర్పును వాస్తవంగా స్వీకరిస్తాడు. చైనా, కొరియా సాహిత్య చరిత్రల విషయంలో ఈ తీర్పులు ఎలా ఏర్పడ్డాయో, ఎలా మారుతూ వచ్చాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్య చరిత్ర అనే ప్రక్రియ

చైనాలో గ్రంథసూచికల సంప్రదాయం అతి ప్రాచీనమైనది. హాన్ వంశ చరిత్రలోనే ఒక గ్రంథసూచిక ఉంది. 18వ శతాబ్దంలో చక్రవర్తి ఆదేశంతో సిద్ధమైన ‘సికు చువాన్షు’ మహాసంకలనం సూచిక శాస్త్రగ్రంథాలు, చరిత్రలు, తాత్త్వికుల రచనలు, సాహిత్య సంపుటాలు అనే చతుర్విధ విభజనను పాటించింది. వాడుక భాషలో వెలసిన నవలలకు అందులో చోటు దక్కలేదు. కానీ కాలక్రమంలో సాహిత్య పరిణామాన్ని వివరించే ‘సాహిత్య చరిత్ర’ అనే ప్రక్రియ మాత్రం చైనాకు కొత్తది. ఇంగ్లీషులో హెర్బర్ట్ జైల్స్ చైనా సాహిత్య చరిత్ర 1901లో వెలువడింది. అంతకుముందే, 1898లో, జపాన్‌లో ససకవ రింపూ చైనా సాహిత్య చరిత్రను ప్రచురించాడు. 1904లో పెకింగ్ ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో బోధన కోసం లిన్ చువాన్‌జ్యా సిద్ధం చేసిన పాఠాలకు ఈ జపాన్ గ్రంథమే నమూనా. అయితే నవలలకు, నాటకాలకు ససకవ చోటివ్వడాన్ని మాత్రం లిన్ తీవ్రంగా ఆక్షేపించాడు. రూపాన్ని అరువు తెచ్చుకొని, అందులో ఏది చేరాలన్న విషయంలో మాత్రం పాత సూచికల తీర్పునే నిలుపుకొన్నాడన్నమాట.

ఆ తీర్పు ఎక్కువకాలం నిలవలేదు. రెండు దశాబ్దాలు తిరగకుండానే, 1923–24లలో, లూ షున్ చైనా కథాసాహిత్యానికి ప్రత్యేక చరిత్రను రచించాడు. అంతవరకు ఆ సాహిత్యానికి చరిత్రంటూ లేదన్న స్పృహతోనే ఆయన ఆ పనికి పూనుకొన్నాడు. 1904లో గెంటివేతకు గురైన ప్రక్రియ 1924 నాటికి పాఠ్యాంశమైంది.

కొరియాలో ఈ క్రమం వలస పాలన నీడలో సాగింది. తొలి పెద్ద ఆకర గ్రంథం ఫ్రెంచి దౌత్యోద్యోగి మోరిస్ కూరాన్ సిద్ధం చేసిన కొరియా గ్రంథసూచిక. 1894–96ల మధ్య 3 సంపుటాలుగా, 1901లో అనుబంధంతో ఇది వెలువడింది. 1377లో లోహపు అచ్చులతో ముద్రితమైన ‘జిక్జి’ అనే బౌద్ధ గ్రంథాన్ని ఆ అనుబంధం నమోదు చేసింది. గ్రంథసూచికలో ఒక పద్దు ముద్రణ చరిత్ర గమనాన్నే మార్చగలదనడానికి ఇది మంచి దృష్టాంతం. కొరియా భాషలో తొలి సాహిత్య చరిత్ర 1922లో ఆన్ హ్వాక్ రచించాడు. అప్పటికి కొరియా జపాన్ వశమై 12 ఏళ్లు గడిచాయి. రాజ్యం పోగొట్టుకొన్న జాతికి సాహిత్య చరిత్ర అస్తిత్వ పత్రం. అందులో ఏది చేరుతుంది, ఏది చేరదు అన్న ప్రశ్న పండితుల గదికి పరిమితమయ్యే అవకాశమే లేదు.

కొరియావైపు: భాష కొలబద్ద అయినప్పుడు

ఈ ప్రశ్న 1936లో బాహాటంగా చర్చకు వచ్చింది. ‘సమ్‌చొల్లి’ అనే పత్రిక ఆ ఏడాది కొరియా సాహిత్యానికి నిర్వచనం చెప్పమని రచయితలను కోరింది. ఆధునిక నవలాకారుడు యి క్వాంగ్‌సు కొరియా లిపిలో, కొరియా భాషలో రాసినదే కొరియా సాహిత్యమని వాదించాడు. ఆ లెక్కన 13వ శతాబ్దపు బౌద్ధ భిక్షువు ఇర్యొన్ కూర్చిన ‘సమ్‌గుక్ యూసా’ గానీ, పాక్ జివన్ 1780 నాటి తన చైనా ప్రయాణాన్ని వర్ణించిన ‘యొల్హా ఇల్గి’ గానీ కొరియా సాహిత్యం కావు. కొరియా రాజు సెజోంగ్ కొత్త లిపిని ప్రకటించినది 1446లో. అంతకుముందు వెయ్యేళ్ల రచనలో అధికభాగం ఈ నిర్వచనంతో ఒక్క దెబ్బకు ఎగిరిపోతుంది. పైగా ‘సమ్‌గుక్ యూసా’ను తోసిపుచ్చితే, అందులో చైనా అక్షరాలతో నమోదైన 14 ‘హ్యాంగ్గా’ గీతాలు, అంటే లభిస్తున్న అతి ప్రాచీన కొరియా భాషా కవిత్వంలో పెద్ద వాటా, తమను భద్రపరచిన గ్రంథాన్నే కోల్పోతాయి.

యి క్వాంగ్‌సు వాదంలో ఆవేశం పాలు ఎక్కువే. కానీ దానిని కేవలం అతిశయమని కొట్టివేయడం తగదు. కొరియా భాషనే పాఠశాలల నుంచి తరిమివేస్తున్న పాలనలో భాషనే సాహిత్యానికి ఏకైక ప్రమాణంగా నిలబెట్టాలని ఒక రచయిత కోరుకోవడం సహజం. చిక్కేమిటంటే, సందర్భం గతించాక కూడా ఆ ప్రమాణం ఆకర గ్రంథాలలో గడ్డకట్టుకొని మిగిలింది. కిమ్ తేజున్ 1931లో కొరియా చైనీయ భాషాసాహిత్య చరిత్రను, 1933లో కొరియా కథాసాహిత్య చరిత్రను వేర్వేరు గ్రంథాలుగా రచించాడు. మొదటిది ముగిసిపోయిన అధ్యాయానికి లెక్కలు చెప్పినట్లుగాను, రెండవది ముందున్న దారికి నాంది పలికినట్లుగాను ఉంటాయి. 1949లో చో యుంజే వెలువరించిన జాతీయ సాహిత్య చరిత్రలోనూ కొరియా భాషా రచనలకే గర్భగుడి. చైనీయ రచనలకు దక్కినది ముఖమండపం మాత్రమే.

ఈ వ్యవస్థను మూలం నుంచి మార్చినవాడు చో దోంగిల్. 1982–88ల మధ్య 5 సంపుటాలుగా వెలువడిన ‘హంగుక్ మున్హాక్ తోంగ్సా’లో ఆయన మౌఖిక సాహిత్యం, చైనీయ భాషా రచన, కొరియా భాషా రచన అనే మూడింటిని ఒకే కథనంలో పక్కపక్కన నడిపించాడు. ఆయన యుగవిభజనకు ఆధారం రాజవంశాలు కావు, భాషల మధ్య సంబంధం. ఉమ్మడి లిఖిత భాష, జనభాష పరస్పరం పోటీపడుతూ, పరస్పరం ఆధారపడుతూ కొనసాగిన కాలమే ఆయన దృష్టిలో మధ్యయుగం. ఈ సూత్రాన్ని ఆయన 1999లో వెలువరించిన మరొక గ్రంథంలో విస్తరించి, తూర్పు ఆసియాలో చైనీయం, దక్షిణాసియాలో సంస్కృతం, పశ్చిమాసియాలో అరబ్బీ, ఐరోపాలో లాటిన్ నిర్వహించిన పాత్రలను పోల్చాడు. ఒక జాతి సాహిత్య చరిత్ర రాయడానికి పూనుకొన్న పండితుడు ఆ జాతి సమస్య దానికే ప్రత్యేకం కాదని నిరూపించడంతో ఆగడం విశేషం.

ఆంగ్ల పాఠకులకు మాత్రం ఈ సమన్వయం పూర్తిగా చేరలేదు. పీటర్ హెచ్. లీ సంపాదకత్వంలో 2003లో కేంబ్రిడ్జ్ ప్రచురించిన ‘ఎ హిస్టరీ ఆఫ్ కొరియన్ లిటరేచర్’ నేటికీ ఆంగ్లంలో కొరియా సాహిత్యానికి ప్రధానమైన ఆకర గ్రంథాలలో ఒకటి. భాష, ఛందస్సుల మొదలు ఉత్తర కొరియా సాహిత్యం వరకు దాని పరిధి విస్తృతం. ఛందోవివేచన విషయంలో దానికి సాటి రాగలవి తక్కువ. అయితే అధ్యాయాల విభజనలో సిల్లా యుగపు చైనీయ రచనలు ఒకచోట, హ్యాంగ్గా వేరొకచోట. కొర్యో గీతాలు ఒకచోట, కొర్యో చైనీయ రచనలు వేరొకచోట. చోసన్ యుగంలో సిజో, కాసా వంటి దేశి ఛందస్సులకు విడివిడిగా అధ్యాయాలు, చైనీయ కవిత్వానికి వేరే అధ్యాయం. భాష మారితే గది మారుతుంది.

దీని పర్యవసానం యి హ్వాంగ్ (1501–1570) విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కొరియాలో నవ్య కన్‌ఫ్యూషియన్ తత్త్వానికి మూలస్తంభం వంటి ఈ పండితుడు చైనీయంలో విస్తారంగా కవిత్వం రాశాడు. కొరియా భాషలో 12 సిజోలు కూర్చాడు. ఆ సిజోలకు రాసిన అనుబంధ వాక్యంలో తాను ఈ పని ఎందుకు చేయవలసి వచ్చిందో వివరించాడు. చైనీయ పద్యాన్ని చదువుకోవచ్చునే గాని నోరారా పాడుకోవడానికి అది లొంగదు. పాడాలంటే దేశి మాట కావాలన్నది ఆయన వివరణ సారాంశం. ఈ వివరణను రాసినదీ చైనీయంలోనే. ఒకే మనిషి, ఒకే బల్ల దగ్గర, ఏ భాష దేనికి పనికి వస్తుందో తూచి చూసుకొన్న ఘట్టమిది. సిజో అధ్యాయంలో 12 గీతాలను, చైనీయ కవిత్వాధ్యాయంలో మిగిలినదాన్ని చదివే పాఠకుడికి ఆ తూకం కనిపించదు. తక్కెడ రెండు సిబ్బెలనూ రెండు గదుల్లో పెట్టినట్లవుతుంది.

చైనావైపు: కేంద్రం, అంచు

చైనా సాహిత్యపు ఆకర గ్రంథాల సమస్య దీనికి విలోమమైనది. ఇక్కడ భాష ఒకటే, దేశాలు పలు. విలియం నైన్‌హౌజర్ సంపాదకత్వంలోని ‘ఇండియానా కంపానియన్’ (1986, రెండవ సంపుటం 1998) ప్రక్రియలపై వ్యాసాలతోను, అకారాది పద్దులతోను, ప్రతి పద్దు చివర ముద్రణల, అనువాదాల, పరిశోధనల పట్టికలతోను రూపొందింది. పరిశోధకుడికి ఇప్పటికీ అత్యధికంగా ఉపకరించేది ఈ నిరాడంబర గ్రంథమే. కథ చెప్పాలని ప్రయత్నించదు కాబట్టి అబద్ధమాడే అవకాశం దానికి తక్కువ.

విక్టర్ మేయర్ సంపాదకత్వంలో 2001లో వచ్చిన ‘కొలంబియా హిస్టరీ ఆఫ్ చైనీస్ లిటరేచర్’ 55 అధ్యాయాల గ్రంథం. స్థూలంగా ప్రక్రియల వారీగా విభజితమైనది. కొరియా, జపాన్, వియత్నాంలలో చైనా సాహిత్య స్వీకరణ గురించిన మూడు అధ్యాయాలు అందులో ఉన్నాయి. అంతకుముందటి చరిత్రలతో పోలిస్తే ఇది ఉదారమైన చేర్పు. కాని అవి చేరిన చోటు గమనించదగినది. గ్రంథం చిట్టచివర, జానపద గేయాలు, దున్‌హ్వాంగ్ రచనలు, ప్రాంతీయ సాహిత్యాలు, అల్పసంఖ్యాక జాతుల సాహిత్యాలతో కలిపి, ‘జనపదానికి, అంచుకు సంబంధించిన వ్యక్తీకరణలు’ అనే అర్థమిచ్చే శీర్షిక కింద వాటిని కూర్చారు. ఆ శీర్షిక కింద చేరగానే కొరియా కవి కర్త కాడు, స్వీకర్త అవుతాడు.

ఈ అమరిక 2001లో పుట్టింది కాదు. 1652లో ముద్రితమైన ‘లియెచావ్ షిజి’ అనే మింగ్ కవితా సంకలనంలో చియెన్ చియెన్యి సన్యాసులను, స్త్రీలను, విదేశీయులను ఒక ప్రత్యేక విభాగంలో చేర్చాడు. ఆ విభాగానికి పెట్టిన పేరులోని ‘రున్’ అనే చైనా అక్షరం పంచాంగంలో అధికమాసానికి వాడేది. లెక్కలో ఉంటుంది, కాని వరుసలో ఉండదు. కొరియా కవయిత్రి హో నాన్సొల్హొన్ (1563–1589) అక్కడే కనిపిస్తుంది. ఆమె మరణానంతరం తమ్ముడు హో క్యూన్ ఆమె కవితలను 1606లో కొరియా వచ్చిన చైనా రాయబారికి అందజేశాడు. అలా చైనాలో ప్రచారం పొందిన ఆ కవితల మీద, పూర్వకవుల పంక్తులను ఎత్తుకొన్నదన్న అభియోగం కూడా ఆ సంకలనంలోనే నమోదైంది. స్త్రీ, విదేశీయురాలు, అనుకర్త అన్న మూడు ముద్రలూ ఒక్కచోటే పడ్డాయి. కొరియా వైపున 1478లో రాజాజ్ఞతో సో కోజోంగ్ మొదలైనవారు 130 సంపుటాలుగా కూర్చిన ‘తోంగ్‌మున్‌సన్’ స్వదేశీయుల చైనీయ రచనల సంకలనం. ఆ పేరులోని ‘తూర్పు’ కొరియాయే. తమ సాహిత్యం చైనా సాహిత్యం కంటె వేరైనదన్న దృఢమైన నమ్మకంతోనే వెలసిన ఆ సంకలనం పేరు మాత్రం చైనాను నడుమ ఉంచి దిక్కులు లెక్కించింది.

కాంగ్-ఈ సున్ చాంగ్, స్టీఫెన్ ఓవెన్‌ల సంపాదకత్వంలో 2010లో రెండు సంపుటాలుగా వచ్చిన ‘కేంబ్రిడ్జ్ హిస్టరీ ఆఫ్ చైనీస్ లిటరేచర్’ వేరొక దారి తొక్కింది. ప్రక్రియల గదులను కూల్చి, సాహిత్య సంస్కృతిని కాలక్రమంలో ఒకే కథనంగా చెప్పడానికి పూనుకొంది. రాజవంశాల సరిహద్దులను కూడా యథాతథంగా స్వీకరించలేదు. రెండు సంపుటాలకు మధ్య గీత మింగ్ వంశం స్థాపితమైన 1368 దగ్గర కాక 1375 దగ్గర పడింది. టాంగ్ యుగంపై ఓవెన్ రాసిన అధ్యాయం 650లో మొదలై, వంశం 907లో అంతరించిన తరువాత కూడా సాగి 1020 దగ్గర ముగుస్తుంది. రాజులు మారినంత మాత్రాన కవులు మారరని దీని భావం. తెలుగు సాహిత్య చరిత్రలలో రాజవంశాల పేర్లతో యుగాలను గుర్తించే అలవాటు బలంగా ఉంది గనుక ఈ ప్రయోగం తెలుగు పరిశోధకులు ప్రత్యేకించి గమనించదగినది. పూర్వరచనలు ఉత్తరకాలపు సంపాదకుల చేతుల మీదుగానే మనదాకా వచ్చాయన్న ఎరుక కూడా ఈ గ్రంథం బలాలలో ఒకటి. యువాన్ నాటకాలను మనం చదువుతున్నది అధికభాగం 17వ శతాబ్దపు తొలి దశకాలలో జాంగ్ మావ్‌షున్ పరిష్కరించిన రూపంలోనే.

ఈ గ్రంథం చైనాకు తిరిగి ప్రయాణించిన తీరు మాత్రం వేరొక పాఠం చెబుతుంది. 2013లో బీజింగ్‌లో సాన్‌లియెన్ ప్రచురణగా వెలువడిన చైనీయ అనువాదంలో రెండవ సంపుటం 1949తో ఆగుతుంది. ఆంగ్ల మూలంలో ఆ తరువాత భాగం ఉంది. యుగవిభజన విషయంలో రాజ్యాన్ని ధిక్కరించిన గ్రంథానికి చివరి గీత రాజ్యస్థాపన తేదీ దగ్గరే పడింది.

చ్యూ యో సంపుటి విషయంలో కేంబ్రిడ్జ్ కథన పద్ధతి నిజంగా ఫలించింది. మింగ్ తొలి, మధ్య దశలపై కాంగ్-ఈ సున్ చాంగ్ రాసిన అధ్యాయం ఆ సంపుటిని దాని దేశాంతర జీవితంతో కలిపి చూసింది. 1442లో చైనాలో ఆ కథలపై నిషేధం వచ్చింది. స్వదేశంలో అరుదైపోయిన ఆ గ్రంథం కొరియాలో సవ్యాఖ్యాన ముద్రణలతో పండితులకు పాఠ్యమైంది. వియత్నాంలో న్గుయెన్ జూ, జపాన్‌లో అసాయ్ ర్యోయి దాని నుంచి తమ కథలను అల్లుకొన్నారు. చివరకు 20వ శతాబ్దపు ఆరంభంలో జపాన్‌లో మిగిలిన ప్రతి ఆధారంగా అది చైనాలో పునర్ముద్రణ పొందింది. ఇక్కడ కేంద్రమేది, అంచు ఏది? ‘స్వీకరణ’ అనే మాటకు ఈ చరిత్ర లొంగదు. కేంద్రం పారవేసిన వస్తువును అంచు దాచిపెట్టి తిరిగి అప్పగించింది.

‘ఉమ్మడి వారసత్వం’ – ఒక ఆక్షేపణ

వీబ్కె డెనెకె, వై-యీ లి, శ్యావ్‌ఫెయ్ త్యెన్‌ల సంపాదకత్వంలో 2017లో వచ్చిన ‘ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఆఫ్ క్లాసికల్ చైనీస్ లిటరేచర్’ క్రీ.పూ. 1000 నుంచి క్రీ.శ. 900 వరకు గల సాహిత్యాన్ని పరిశీలిస్తుంది. అందులో డెనెకె, నామ్ న్గుయెన్ కలిసి రాసిన అధ్యాయం చైనా లిపి వాడుకలో ఉన్న తూర్పు ఆసియా దేశాల సాహిత్యాన్ని ‘ఉమ్మడి వారసత్వం’గా పేర్కొంటుంది. 2001 నాటి ‘స్వీకరణ’కు, 2017 నాటి ‘ఉమ్మడి’కి మధ్య దూరం చిన్నది కాదు.

ఇక్కడ లిపి అన్న మాట మీద దృష్టి నిలపడం అవసరం. భారతదేశంలో సంస్కృతమనే ఒక భాషను తెలుగు, గ్రంథ, నాగరి మొదలైన పలు లిపులలో రాశారు. తూర్పు ఆసియాలో ఒక లిపిని పట్టుకొని పలు భాషలవారు చదివారు. కొరియా పండితుడు చైనీయ వాక్యాన్ని కొరియా ఉచ్చారణతో, పదాల నడుమ కొరియా ప్రత్యయాల గుర్తులు చేర్చుకొని చదువుకొన్నాడు. చైనావాడితో ముఖాముఖి మాట్లాడలేకపోయినా కాగితం మీద రాసి సంభాషించగలిగాడు. కాబట్టి కొరియాలో చైనీయాన్ని తెలుగునాట సంస్కృతంతో సమానంగా భావించి పోల్చే వ్యాసాలు తొలి మెట్టులోనే జారే ప్రమాదం ఉంది.

‘ఉమ్మడి’ అన్న మాటకూ ఒక ఆక్షేపణ చెప్పక తప్పదు. ఆ వారసత్వం ఎవరి మధ్య ఉమ్మడి? కొరియాలో అది ప్రధానంగా యాంగ్‌బాన్ అనే ఉన్నతవర్గపు పురుషులది. ఉత్తరాల కోసం, కథల కోసం స్త్రీలు ఆశ్రయించినది కొత్త లిపిని. హో నాన్సొల్హొన్ వంటివారు అపవాదాలు. దేశాల మధ్య గోడలను కూల్చే పదజాలం దేశం లోపలి గోడలను కప్పివేయకూడదు. 1936లో యి క్వాంగ్‌సు చేసిన వాదం తర్కానికి నిలవకపోయినా, అది వేలెత్తి చూపిన అసమానత నిజమైనది. చో దోంగిల్ గ్రంథం ఈ రెండింటినీ ఒకేసారి పట్టుకోగలిగింది కాబట్టే, ఆంగ్ల సంకలనాల కంటె అది తులనాత్మక పరిశోధనకు బలమైన పునాది. సంస్కృతంతో పోల్చి చూసిన ఆ సిద్ధాంతగ్రంథం తెలుగు సాహిత్య చరిత్రకారుల చేతికి ఇంకా అందవలసి ఉంది. కృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’కు తెలుగు సాహిత్య చరిత్రలలో ప్రకరణాలకు ప్రకరణాలు లభిస్తాయి. ఆయన పేర ఉన్న సంస్కృత నాటకం ‘జాంబవతీకల్యాణం’ పట్టికలో ఒక పేరు. విద్యానాథుడు, మల్లినాథసూరి, జగన్నాథ పండితరాయలు ప్రస్తావనలతో సరి. యి హ్వాంగ్ తక్కెడ వంటి తక్కెడలు ఇక్కడా రెండు గదుల్లోనే ఉన్నాయి.

కిమ్ సిసుప్ కథలకు జరిగినదానిని ఆకర గ్రంథాల నిర్మాతలు తమ పద్దులలో ఎలా నమోదు చేస్తారన్నది చూడవలసిన విషయం. 17వ శతాబ్దం నుంచి ఆ కథలు జపాన్ ముద్రణలలోనే లభ్యమయ్యాయి. 1927లో చోయ్ నామ్‌సన్ వాటిని జపాన్ ప్రతి ఆధారంగా కొరియా పాఠకుల ముందుంచాడు. అంతకంటె పాతదైన కొరియా చెక్కఅచ్చు ప్రతి 1999లో వెలుగులోకి వచ్చింది. చైనీయ నమూనాను అనుసరించి, చైనీయ భాషలో, కొరియా పట్టణాల గురించి ఒక కొరియా రచయిత రాసిన ఆ గ్రంథపు ప్రతి దొరికిన చోటు చైనాలోని దాలియెన్ నగర గ్రంథాలయం.